‘చిలకల రేవు’కు ఎన్నో నంబరు

లాంప్ రూం కిటికీ ముందు వరుస కదలడం లేదు, ఎందుకంటే లోపలి మనిషి ఒక్కొక్కరికీ టోపీ దీపం ఇచ్చే ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వింటున్నాడు, నచ్చితే ఇస్తున్నాడు, నచ్చకపోతే పెదవి విరిచి వెనక అరలో పడేస్తున్నాడు. బొగ్గుబాయిలోకి దిగాల్సిన వాళ్లెవరికీ తొందర లేదు, పాట వినడానికి వచ్చినట్టు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. మొగిలి వంతు వచ్చేసరికి కిటికీ అవతల ఉన్నది ఓదెలు. ఓదెలు చనిపోయి ఏడాది కావస్తోందని మొగిలికి కలలో కూడా తెలుసు, అయినా ఆశ్చర్యం కలగడం లేదు, ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ కిటికీలో చూసిన ముఖమే కదా అనిపిస్తోంది.

"నీకు దీపం లేదు పో," అంటాడు ఓదెలు. "లోపలికి రా. నీతోని పనుంది."

లోపలికి వెళ్తే అరల నిండా దీపాలకు బదులు క్యాసెట్లున్నాయి, ఒక్కోటి లోపలి నుంచి సన్నగా వెలుగుతోంది, ఇంకో నాలుగడుగులు వేస్తే అది లాంప్ రూం కూడా కాదు, బెల్లంపల్లి బజారులో కుర్రతనంలో ఖాళీ క్యాసెట్లు పట్టుకెళ్లి పాటలు నింపించుకున్న దుకాణం, కూర్చుంటే ఒక పక్కకు ఒరిగే బల్ల కూడా అక్కడే ఉంది. బయట నీళ్ల చప్పుడు వినిపిస్తోంది. బజారులో నీళ్లెక్కడివని అడగాలనుకుంటాడు మొగిలి, కానీ ఓదెలు అప్పటికే బల్ల మీద కూర్చుని పక్కన చోటు తట్టి చూపిస్తున్నాడు.

"కూసో. ముందుగాల ఇది చెప్పు. నువ్వు చెయ్యెందుకు లేపినవ్?"

ఏ చెయ్యి, ఎప్పుడు అని మొగిలి అడగడు. ఏడాదిగా అతన్ని తినేస్తున్నది ఆ చెయ్యే.

వాళ్లదో పాటల బ్యాచ్. బాయి పనిలో కలిసిన నలుగురైదుగురు స్నేహితులు ఏటా ఒక ఆదివారం కూర్చుని, గడిచిపోయిన ఒక సంవత్సరాన్ని పట్టుకుని, ఆ ఏడు వచ్చిన సినిమా క్యాసెట్లన్నీ మళ్లీ విని, ఏది ఒకటో నంబరు, ఏది రెండు అని తేలుస్తారు. తేల్చడమంటే నిజానికి గొంతులు పోయేలా అరుచుకోవడం. పోయినేడు తొంభై నాలుగు వంతు వచ్చింది. ఓదెలు ‘చిలకల రేవు’ ఒకటి అన్నాడు, మొగిలి ‘ఏడో మబ్బు’ ఒకటి అన్నాడు, చీకటి పడ్డా తెగలేదు. చివరికి మొగిలి లేచి చెప్పులేసుకుంటూ, "నీ చెవులు లాంప్ రూంల తాకట్టు పెట్టినవా ఏంది?" అని వచ్చేశాడు. మళ్లీ ఆదివారం తేల్చుకుందామన్నారు. ఆ ఆదివారం రాకముందే, స్నానానికి నీళ్లు తోడుకుంటూ ఓదెలు గుండె పట్టుకుని కూలిపోయాడు. పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక ఎవరో, ఓదెలన్న చెప్పిందే ఒకటో నంబరు చేద్దామన్నారు. అందరూ చేతులెత్తారు. అందరికంటే ముందు లేచింది మొగిలి చెయ్యే.

"నువ్వు పోయినవ్ గదరా," అంటాడు మొగిలి ఇప్పుడు.

"పోతే? పోయినోడు చెప్పిందల్ల కరెక్టయితదా?"

"అట్ల గాదురా, మర్యాద గదా అని..."

"మర్యాద!" ఓదెలు అరిచిన అరుపుకు అరల్లో క్యాసెట్లు గలగలమంటాయి. "ఇన్నేండ్లల నాకు ఒక్కనాడు మర్యాద ఇయ్యనోడివి, నేను కన్ను మూసిన్నో లేదో మర్యాద నేర్సినవా? దండేసిన ఫొటో ముంగట నిలవడి తలకాయలు ఊపుడు. కాదనెటోడు ఒక్కడు లేడు. గిట్ల గెలుస్తే నాకేం మజా ఉన్నదిరా?"

దుకాణం నెమ్మదిగా కదులుతోంది, అది షిఫ్టు బస్సు అయిందని మొగిలికి అర్థమవుతుంది, కిటికీల్లోంచి బొగ్గు దిబ్బలు, వాటి మీద ఎప్పుడూ చూడని పచ్చగడ్డి, గడ్డి మధ్య నీళ్లు మెరుస్తూ వెనక్కి పోతున్నాయి, డ్రైవరు సీటులో ఎవరూ లేకపోయినా బస్సుకు దారి తెలుసు. అడగాల్సింది ఇప్పుడే అడగాలి, బస్సు ఎక్కడ ఆగుతుందో తెలియదు.

"ఓదెలూ, ఆ దినం నేనన్న మాట..."

"ఏ మాట?"

"చెవుల మాట. అది మనసుల పెట్టుకున్నవా? దాంతోనే నీకు..."

ఓదెలు కాసేపు అర్థం కానట్టు చూసి, తర్వాత నవ్వడం మొదలుపెడతాడు, ముందు సీటు కమ్మీ పట్టుకుని, బతికున్నప్పుడు నవ్వినట్టే దగ్గు వచ్చేదాకా నవ్వుతాడు.

"అరేయ్ మొగిలిగా, నీ మాటకు గుండె ఆగెటట్లుంటే నేను పెండ్లి గాకముందే పోవాలె. ఆ వారమంత ఎట్లున్ననో తెల్సా నీకు? పండుగ లెక్క ఉన్న. నీకు చెప్పెటందుకు జవాబులు కూడవెట్టుకుంట తిరిగిన. కూరగాయలు కొనవోయి గూడ నాలో నేను మాట్లాడుకుంటున్నంటే సూడు."

తన మాట వల్ల కాదని మొగిలికి ఇప్పుడు తెలుస్తుంది. ఏడుపు వస్తుందేమో అనుకుంటాడు, కానీ వచ్చేది కోపం, పాత కోపం, చాలా రోజులకు ఇంటికి తిరిగొచ్చిన మనిషిలాంటి కోపం.

"ఏం జవాబులురా నీయి? ‘చిలకల రేవు’ల ఆరో పాట జాగ నింపెటందుకు పెట్టిన భర్తీ పాటా కాదా? చెప్పు. ఆ పాట రాంగనే ఎవలి వేలన్న ఫార్వర్డ్ మీట మీదికి పోకుండ ఉంటదా? వేలు అటు పోని క్యాసెటే ఒకటో నంబరు. ‘ఏడో మబ్బు’ల వేలు పోతదా?"

"పోదు. ఎందుకు పోదంటే నువ్వప్పటికే నిద్రవోతవ్! ఆరో పాట నడుమ ఆ పాడెటామె ఊపిరి తీసుకునుడు వినవడ్తది, విన్నవా ఎన్నడన్న? దాన్ని కొయ్యకుండ అట్లనే ఉంచిండ్రు. ఎవలో మనిషి మనకోసం పాడుతున్నదని అప్పుడు తెలుస్తది. నీ మబ్బు క్యాసెట్ల అంత సాపుగ, అద్దం లెక్క. అద్దాన్ని ఎంతసేపు సూస్తవ్?"

"ఒక్క ఊపిరికి ఒకటో నంబరిస్తవా? ఊపిరి మా ఇంట్ల బర్రె గూడ తీసుకుంటది!"

"బర్రెను అడుగు, అది గూడ ‘చిలకల రేవు’ అనే అంటది!"

ఇద్దరూ లేచి నిలబడి అరుస్తున్నారు, బస్సు నిండా తెలిసిన ముఖాలే, అందరూ వెనక్కి తిరిగి సంబరంగా చూస్తున్నారు, మొగిలి చెయ్యి పైకి లేపుతాడు, ఈసారి ఒప్పుకోవడానికి కాదు, వేళ్లు చూపించడానికి: మూడు. ‘చిలకల రేవు’కు మూడో నంబరు, అంతకంటే ఒక్క మెట్టు పైకి ఎక్కనివ్వను. ఓదెలు ముఖం చూస్తుండగానే వెలిగిపోతుంది. "గిదిరా," అంటాడు, "గిది గావాలె నాకు," అని, ఏదో గట్టి జవాబు దొరికినట్టు నోరు తెరుస్తాడు, సరిగ్గా అప్పుడే బస్సు బెల్లు మోగడం మొదలవుతుంది, ఆగకుండా మోగుతూనే ఉంటుంది, ఆ మోతలో ఆ జవాబు వినపడదు.

మోగుతున్నది ఫోను. మొగిలి మంచం మీద లేచి కూర్చున్నాడు. మధ్యాహ్నం ఎండ గదిలో సగం దాకా వచ్చింది. ఫోను చేసింది స్వరూప, ఓదెలు భార్య.

"అన్నా, పొద్దుగూకినంక బ్యాచోళ్లు కూసుంటున్నరట గదా, తొంభై ఐదు పట్టుకుంటరట. నన్ను గూడ రమ్మన్నరు. నువ్వు రానన్నవట, నిజమేనా?"

నిజమే. నిద్రపోయే ముందు వరకూ అతని నిర్ణయం అదే. జవాబు చెప్పబోతే మాట సగమే బయటికి వచ్చింది, గొంతు బొంగురుపోయి, గీరుకుపోయి ఉంది.

"ఏమన్నా, గొంతు గట్లయింది? జలుబా?"

"కాదు చెల్లె. ఓదెలుతోని కొట్లాడిన. కలల."

అనకూడనిది అన్నానేమోనని మొగిలి భయపడ్డాడు. స్వరూప మెల్లగా అడిగింది:

"ఎవలు గెల్సిండ్రు?"

"తేలలే. నడుమల నువ్వు ఫోన్ చేసినవ్."

ఆమె నవ్వింది. ఓదెలు పోయాక ఆ నవ్వు వినడం అతనికి ఇదే మొదలు. ఆ ధైర్యంతో మొగిలి దాచుకున్నది చెప్పేశాడు.

"చెల్లె, పెద్దకర్మ నాడు నేను చెయ్యి లేపింది ఉత్తదే. నా లెక్కల ‘చిలకల రేవు’ మూడో నంబరే. ఏమనుకోకు."

"నాకు తెల్వదా అన్నా? నువ్వు కొట్లాడకుండ చెయ్యి లేపంగనే, ఈయన మీద కోపమొచ్చిందా అన్నకు, అనుకున్న. ఒకటి చెప్పనా? వంటింట్ల ఉండుకుంట మీ రెండు క్యాసెట్లు ఇన్నేండ్లు విన్న. నా లెక్కల ‘చిలకల రేవు’ నాలుగు. ఆయనకెన్నడు చెప్పలే, అన్నం తినడని."

"మరి ‘ఏడో మబ్బు’?"

"అది అసలు లెక్కలకే రాదు."

"ఏందీ? లెక్కలకే రాదా?"

"రాదు. ఎందుకు రాదో ఫోన్ల చెప్తే అయితదా? పొద్దుగూకినంక రా, ముంగట కూసొని చెప్త," అని ఆమె ఫోను పెట్టేసింది.

మొగిలి లేచి చెంబెడు నీళ్లు తాగాడు, గొంతు సవరించుకుని చూసుకున్నాడు, మళ్లీ ఇంకో చెంబెడు తాగాడు. సాయంత్రం అరవాల్సింది చాలా ఉంది.