తువ్వాలు కింది బేరం

నేను ఒక ఎర్ర పూసను. గురివింద గింజకన్నా కాస్త పెద్దదాన్ని. లోకంలోకి వచ్చేనాటికి నా దగ్గరున్న సరుకు రెండే: నిప్పుల్లో కాలి తెచ్చుకున్న రంగు, నడుమ ఒక బెజ్జం. రంగు చూసి మనుషులు మోజుపడేవారు కానీ, బెజ్జమే లేకపోతే ఎవరి మెడా ఎక్కేదాన్ని కాదు.

నన్ను సానపట్టినవాడిది కృష్ణ ఒడ్డు. ఒకనాడు ఉప్పు వర్తకుడొకడు అతని దగ్గరికి వచ్చాడు. ఇద్దరూ నోరు విప్పలేదు. చేతుల మీద గుడ్డ కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్ళు ఒకరు పట్టుకున్నారు. ఎన్ని వేళ్ళు పడితే అన్ని బుట్టల ఉప్పు. పిడికిలి బిగిస్తే బేరం ఖాయం, చెయ్యి లాగేసుకుంటే రద్దు. ఆ రెండు అరచేతుల మధ్య నలుగుతూ నేను ఉప్పుకు అమ్ముడుపోయాను.

వర్తకుడు నన్నిచ్చి కుండలు కొన్నాడు. నన్ను మెళ్ళో వేసుకున్న కుమ్మరి ఇల్లాలు ఇంటి నేలకోసం మట్టి తొక్కుతుంటే దారం తెగింది. నేను మట్టిలో కలిసిపోయాను. ఆమె ఇల్లంతా వెతికి, చివరికి కోడి మింగి ఉంటుందని దాన్ని కోయించింది. నేను దొరకలేదు, ఇంటిల్లిపాదికీ కూర మాత్రం దొరికింది.

తరవాత రెండు వేల ఏళ్ళు కొట్టు మూసుకున్నాను. లాభమూ లేదు, నష్టమూ లేదు.

ఒక ఉదయం కుంచెతో నా మీది మట్టి దులిపి పైకి తీసింది నళినాక్షి. పాతకాలపు మనుషుల ఆనవాళ్ళు తవ్వి చూసే పరిశోధకురాలు. నా పక్కనే మట్టినేల అంచూ, అందులో ఒక మడమ గుర్తూ కనబడ్డాయి. ఆమె సంతోషం అక్కడే ఆగిపోయింది. పొలం ఆసామి బసవపున్నయ్య గట్టు మీదికి వచ్చి, ఊరి జనం ముందు తేల్చి చెప్పాడు.

"వాన పడిందమ్మా, మిరపనారు నాటాల. రేపు పొద్దున గుంట పూడ్చేత్తా."

పూడిస్తే ఆ మడమ ఎవరిదో ఇక ఎవరికీ తెలియదు. నళినాక్షి నన్ను అరచేతిలో పెట్టి చూపిస్తూ బతిమాలింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

అప్పుడు ఆమె వెంట వచ్చిన మస్తాన్‌వలి ఆమె చెవిలో చెప్పాడు. ఇతను చదివేది బతికున్న మనుషుల పద్ధతులు. ఏడాదిగా పశువుల సంతల్లో తిరుగుతున్నాడు. "మేడమ్, నలుగురిలో కాదన్న మనిషి నలుగురిలోనే అవునని ఎట్టంటాడు?" ఆ పైన ఆసామి వైపు తిరిగాడు. "బాబాయ్, సంత పద్ధతిలో తేల్చుకోరాదూ? వేలుకో రోజు."

ఎడ్ల బేరాల్లో ఆరితేరిన బసవపున్నయ్య కళ్ళు మెరిశాయి. భుజం మీది తువ్వాలు తీసి, నాతో సహా ఆమె చేతిని కప్పేశాడు. నళినాక్షి గబుక్కున ఆయన వేళ్ళన్నీ పట్టేసుకుంది.

"అయిదు!" అనేసింది, పైకే.

గట్టు మీద నవ్వులే నవ్వులు. "ఇంకా తువ్వాలెందుకమ్మా, ఆరేసుకోండి!" అన్నాడొకడు. మస్తాన్‌వలి నుదురు కొట్టుకున్నాడు.

"అయిదా? ఒక్క పూట కూడా కుదరదు. నా మాటంటే మాటే!" అని గర్జించాడు బసవపున్నయ్య.

కానీ తువ్వాలు కింద ఆయన పిడికిలి ఆమె చేతి మీద గట్టిగా బిగిసింది.

నళినాక్షి ఆయన మాటే నమ్మి చెయ్యి లాగబోయింది. లాగితే అంతా పోయినట్టే. ఆ బిగువుకు నేను ఆమె అరచేతిలో కసుక్కున గుచ్చుకున్నాను. ఆమె ఉలిక్కిపడి ఆగింది. పిడికిలి ఇంకా వదలలేదు. అర్థమయింది. మొహం వేలాడేసుకుని, "సరేనండి, మీ ఇష్టం" అంది.

మర్నాడు గుంట పూడలేదు. జనం అడిగితే, "నారు లేతగా ఉందిరా, ముదరనీ" అన్నాడు ఆసామి. అన్న మనిషి రోజూ గట్టు మీదే కూర్చుని, తవ్వేవాళ్ళకన్నా ముందు గుంటలోకి తొంగి చూసేవాడు.

నేలంతా బయటపడింది. మట్టి తొక్కిన ఆ ఇల్లాలి అడుగులూ, పొయ్యి పక్కన కోడి ఎముకలూ దొరికాయి. "ఇక్కడేదో వేడుక జరిగింది" అని నళినాక్షి రాసుకుంది. అది నా వేడుకేనని నేనెలా చెప్పను?

ఇప్పుడు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. మొన్న బసవపున్నయ్య ఊరివాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. "నేనెక్కడ ఒప్పుకున్నా?" అని వాళ్ళతో వాదిస్తూనే, ఎవరూ చూడకుండా అద్దం మీద అయిదు వేళ్ళూ ఆనించి నావైపు కన్ను గీటాడు.

ఉప్పు కరిగింది, కుండలు పగిలాయి, కోడి అరిగింది. ఆ బేరం గుట్టు తెలిసిన వాళ్ళలో నన్నూ ఒకదాన్నిగా లెక్కేసుకున్నాడాయన. నాకు మిగిలిన లాభం అదే.