మఫిన్ల పందెం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన ఊరంతా చాటుతుంటాడు. మిగతా రోజుల సంగతేమో కానీ, ఆ పొద్దున మాత్రం నేను ఒంటికాలి మీద లేచిన మాట నిజం. నా స్థానంలో ఎవరున్నా లేస్తారు.

మాది పళ్ళ దుకాణం. బల్ల వెనక కుర్చీ, కొట్టు మీద ఏలుబడి మా అత్తయ్యవి. మా ఆయనదీ నాదీ మోసే పని. పెళ్ళికి ముందు నేను బేకరీలో చేసేదాన్ని. వేడి ట్రే బయటికి లాగినప్పుడు మొహానికి కొట్టే ఆ వాసన లేక ఇన్నాళ్ళూ నాకు ఏదో పోగొట్టుకున్నట్టే ఉండేది. చివరికి ఉండబట్టలేక, దాచుకున్న డబ్బుతో చిన్న ఓవెన్ ఒకటి కొనేశాను. దుకాణంలో ఖాళీ పెట్టెలు పడేసే మూల నాకిస్తే, బాగా మాగిపోయిన అరటిపళ్ళతో మఫిన్లు చేసి అమ్ముతానన్నాను. అత్తయ్య ఓవెన్ వంక చూసిన చూపుకి అది ప్లగ్గు పెట్టకుండానే వేడెక్కి ఉంటుంది.

"పళ్ళ కొట్లో పళ్ళమ్ముతారమ్మాయ్. కేకులు కావలసినవాళ్ళు కేకుల కొట్టుకి పోతారు."

"ఒక్కసారి చేసి చూపించనీయండి అత్తయ్యా."

"సరే. పందెం. ఒక్క ట్రే చెయ్యి. షట్టరు దించేలోపు మొత్తం అమ్ముడైతే ఆ మూల నీది. ఒక్కటి మిగిలినా ఆ ఇనప్పెట్టె కొన్నచోటికే పోవాలి."

ఒప్పుకున్నాను. బల్ల కింద బుట్టలో అరటిపళ్ళు దాచి, మచ్చలు పడేదాకా, మచ్చలన్నీ కలిసి నల్లబడేదాకా పసిపిల్లల్ని చూసుకున్నట్టు చూసుకున్నాను. పందెం రోజు పొద్దున్నే లేచి, గుడ్లూ వెన్నా బయటపెట్టి, మైదా జల్లించి, పాటలు పాడుకుంటూ వెళ్ళి బుట్ట లాగితే ఏముంది? ఖాళీ!

"నా అరటిపళ్ళేవీ?" కయ్యిమన్నాను.

అత్తయ్య చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మా దుకాణంలో మచ్చపడ్డ పండు కంటబడితే చాలు, తీసి పారేయడమే. అది అత్తయ్య ఆలోచించి చేసే పని కాదు, చెయ్యి దానంతటదే పోతుంది. ఆ పొద్దున ఊడుస్తుంటే బుట్ట కనబడింది, చెయ్యి పోయింది, పళ్ళన్నీ చెత్తబండిలో పడ్డాయి. ఆ బండి ఈపాటికి ఏ వీధిలో ఉందో!

"కావాలనే చేశారు! ఓడిపోతారని భయమేసింది మీకు!" అనేశాను. అనకూడదు, కానీ అనేశాను. మా ఆయన వాళ్ళమ్మవైపూ నావైపూ చూసి, ఖాళీ బుట్టని మళ్ళీ బల్ల కిందికి తోశాడు.

అత్తయ్య మొహం కందగడ్డలా అయింది. చీపురు విసిరికొట్టింది. "నేనా? దొంగాట ఆడి గెలిచే మొహమా నాది? ఇవాళ మఫిన్లు చేసి తీరాలి. నువ్వు చెయ్యకపోతే నేనే చేస్తా! ఏం కావాలో చెప్పు!"

"మాగిన పళ్ళు కావాలి. కొట్లో ఉన్నవన్నీ దోరగా ఉన్నాయి. మాగాలంటే రోజులు పడుతుంది."

అన్నానే గానీ, అప్పుడే బేకరీలో వంటమేస్త్రీ వాడే చిట్కా ఒకటి గుర్తొచ్చింది. దోరపళ్ళని తొక్కతోనే ఓవెన్‌లో పెట్టి, సన్నని సెగ మీద మగ్గించేవాడాయన. చెప్పగానే అత్తయ్య నోరెళ్ళబెట్టింది. "తొక్క తీయకుండానా? మతుండే మాట్లాడుతున్నావా?" అంటూనే గెల దగ్గరికి పరుగు తీసింది. ఒక్కో పండునీ తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూసి, తియ్యదనం ఉన్నవే ఏరి తెచ్చింది.

కాసేపటికి తొక్కలు బొగ్గులా నల్లబడ్డాయి. చివర్లలోంచి తేనెలాంటి రసం కారి ట్రే మీద చిటపటలాడింది. అత్తయ్య ఓవెన్ అద్దానికి ముక్కు ఆనించి, "అబ్బో! అబ్బబ్బో!" అని ఒకటే గోల. చల్లారకుండానే తొక్కలు ఒలిచేసింది. వేళ్ళు కాలుతుంటే చెవులు పట్టుకుంటుంది, మళ్ళీ ఒలుస్తుంది. నాకు నవ్వాగలేదు. పొద్దుటి కోపం ఎటు పోయిందో నాకే తెలీదు.

మా ఆయనకి గరిటె ఇచ్చాను. పిండిని కసికసిగా తిప్పుతున్నాడు.

"ఎక్కువ తిప్పకండీ, గట్టిపడతాయి!"

"వినబళ్ళేదట్రా? గట్టిపడతాయంటోంది!" అని అత్తయ్య గరిటె లాక్కుంది. పందెం ఎవరు ఎవరితో కాశారో మా కొట్లో ఎవరికీ గుర్తున్నట్టు లేదు.

ట్రే బయటికి లాగాను. ఆ వాసన! ఎగిరి గంతేశాను. దుకాణం దాటి వీధిలోకి పోయింది వాసన. బత్తాయిలకని వచ్చిన టీచరమ్మ రెండు పట్టుకుపోయింది. మందుల షాపాయన గల్లాపెట్టె వదిలేసి వచ్చాడు. బస్సు డ్రైవరు ఇంటిల్లిపాదికీ కావాలన్నాడు. అత్తయ్య మాత్రం మొహం బిగించుకుని, "ఏదో, మా కోడలి సరదా" అంటూనే ప్రతివాళ్ళ ముక్కు కిందికీ ట్రే తోసింది.

దీపాలు పెట్టేవేళకి ఒక్కటి మిగిలింది. పక్కకి ఒరిగిపోయి, కాగితం కప్పు దాటి పొర్లిన వంకర మఫిన్. పొద్దుట్నించీ దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. షట్టరు సగం దించాం. వీధిలో నరపురుగు లేదు.

"నేను తినేస్తా, సరిపోతుంది" అన్నాడు మా ఆయన.

"ఇంట్లోవాళ్ళు తింటే అమ్మకం ఎలా అవుతుందిరా? పందెం పందెమే" అంది అత్తయ్య.

ఓవెన్ తీగ చుట్టడం మొదలుపెట్టాను. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడుస్తున్నాను.

అత్తయ్య లేచింది. కొంగు దులుపుకుంది. షట్టరు మళ్ళీ పైకి నెట్టి వీధిలోకి వెళ్ళి, బల్లకి అటువైపు నిలబడింది, ఎవరో దారినపోయే మనిషిలాగా.

"ఏమ్మా, ఇదెంత?"

చెప్పాను.

"వంకరగా ఉంది. సగానికివ్వు."

"ఇవ్వను" అన్నాను ముక్కు తుడుచుకుంటూ. "రుచిలో వంకరేం లేదు. ఇష్టమైతే తీసుకోండి, లేకపోతే వేరే కొట్టు చూసుకోండి."

మా ఆయన తల పట్టుకున్నాడు. అత్తయ్య నన్ను ఎగాదిగా చూసి, చెప్పిన డబ్బంతా బల్ల మీద పెట్టి, మఫిన్ తీసుకుంది. అక్కడే వీధిలో నిలబడి కొరికింది. నమిలింది. దుకాణం వంకే చూస్తోంది.

"ఇన్నేళ్ళలో ఇటువైపు నిలబడి కొట్టు చూసిన పాపాన పోలేదు నేను" అంది చివరికి. "ఇక్కణ్ణించి చూస్తే ఆ మూల అసలు కనబడదే అమ్మాయ్. అక్కడ పెడితే నీ పెట్టె సంగతి ఎవడికి తెలుస్తుంది? ఇలా ముందుకి లాగు. నా కుర్చీ తీసేసి, అక్కడ పెట్టు."

"మరి మీరెక్కడ కూర్చుంటారు?"

"నీ పక్కన నిలబడతా. కూర్చుంటే గరిటె ఎవరు తిప్పుతారు, వీడా?"

ఆగలేకపోయాను. బల్ల మీదుగా వంగి అత్తయ్య మెడ వాటేసుకున్నాను. నా మోచెయ్యి తగిలి నిమ్మకాయల పళ్ళెం బోర్లాపడింది. కాయలన్నీ వీధిలోకి దొర్లాయి. నోటినిండా మఫిన్ పెట్టుకుని, తిడుతూ నవ్వుతూ, అత్తయ్య వాటి వెంట పడింది.