వెనకాల చెంబెడు నీళ్లు

పూలు ఏరేటప్పుడు చేతులకే తప్ప చెవులకి పని ఉండదు. అందుకే ఫోనుని ఖాళీ పిండిడబ్బాలో నిలబెట్టుకుంటాను. గొంతు గుండ్రంగా, బావిలోంచి పిలిచినట్టు వస్తుంది. తెల్ల దుప్పటి మీద నారింజ పూలు కుప్పపోసుకుని, ఆకులూ పుల్లలూ ఏరి పారేస్తూ, వ్యాపారం చేసే ఆడవాళ్ల మాటలు వింటాను. పగలంతా ఆఫీసులో కూర్చుని, మిగిలిన వేళల్లో ఇంకో పని నడుపుకునేవాళ్ల కోసం పెట్టిన పాడ్‌కాస్టులవి. మా కోడలు హాజర్ నా ఫోనులో వేసి పెట్టింది.

"వింటూ ఉండండి అత్తమ్మా, కాలక్షేపం" అంది.

హాజర్ మునిసిపాలిటీ ఆఫీసులో కౌంటర్ దగ్గర పనిచేస్తుంది. ఆఫీసు ముగిశాక తనే 'హాజర్ పన్నీరు' యజమానురాలు. మా నాబుల్ ఊళ్లో వసంతం వస్తే ప్రతి ఇంట్లోనూ నారింజ పూలతో పన్నీరు కాచుకుంటారు. కాఫీలోకి, మిఠాయిల్లోకి, పిల్లల జ్వరానికి, పెద్దల కళ్లమంటకి. దాన్ని అందమైన సీసాల్లో పోసి ట్యూనిస్ నగరంలో అమ్మవచ్చని కనిపెట్టింది మాత్రం హాజర్. ఆ తెలివి తనదే, కాదనను. పూలు ఏరేదీ, పన్నీరు దించే రాగి బట్టీ దగ్గర కూర్చునేదీ, మంట తగ్గించేదీ, సీసాలకి గడ్డితొడుగు అల్లేదీ నేను.

నాకు బాగా నచ్చినవి మూడు. సఫాక్స్ ఊరావిడది ఒకటి. ఆవిడ మాట్లాడితే బెత్తం పట్టుకుని నిలబడ్డట్టుంటుంది. "మీ వ్యాపారంలో ఏ పని ఎవరు చేస్తున్నారో పైకి చెప్పలేకపోతే అది వ్యాపారం కాదు, దాగుడుమూతలు" అంటుంది. రెండోది కైరో పిల్లది. నష్టం వచ్చిందని చెప్పేటప్పుడు కూడా నవ్వుతుంది. తనకి పెళ్లి కాలేదు, అందుకే ఐదింటికి లేచి ధ్యానం చెయ్యమని సలహా ఇస్తుంది. ఐదింటికి లేవడం నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు, లేచాక ధ్యానం చెయ్యనిచ్చేవాళ్లే దొరకలేదు. మూడోది, అన్నిటికన్నా నాకు ఇష్టమైనది, 'రెండో జీతం'. చేసేది దొర్సాఫ్ అనే ట్యూనిస్ అమ్మాయి. మధ్యమధ్య పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతుంది, ఆ చప్పుడు వినిపిస్తుంది. నాకెందుకో అది మా చెల్లెలు మాట్లాడుతున్నట్టుంటుంది. చెల్లెలు పెళ్లయి లిబియా వెళ్లింది. మళ్లీ కనిపించలేదు.

నిరుడు జూన్‌లో దొర్సాఫ్ "వేసవి సెలవులు, సెప్టెంబరులో కలుద్దాం" అని చెప్పి ఆపేస్తే రెండు రోజులు అన్నం సయించలేదు. ఎవరైనా ఫలానా నెలలో కలుద్దామంటే నాకు నమ్మకం కుదరదు. మా ఆయన సాదొక్ ఫ్రాన్సులో మార్సెయ్ రేవులో పనిచేసేవాడు. ఏడాదికోసారి వచ్చేవాడు, ఆగస్టు చివర వెళ్లిపోయేవాడు. వెళ్లేటప్పుడు గుమ్మంలో నిలబడి అతని అడుగుల వెనకాల చెంబెడు నీళ్లు పోసేదాన్ని. నీళ్లు పోస్తే వెళ్లినవాళ్లు తిరిగొస్తారు. ఒక ఏడు అతని బదులు, పోయాడన్న కబురుతో అతని పెట్టె వచ్చింది. ఆ సారి నీళ్లు సరిగ్గా పొయ్యలేదేమోనని నాకు ఇప్పటికీ అనుమానమే. అందుకే ఇప్పుడు ఎవరు గుమ్మం దాటినా పోస్తాను. బడికెళ్లే మనవరాలికి, కొడుకు ఖైస్‌కి, ఆఫీసుకెళ్లే హాజర్‌కి. హాజర్ మడమలు రోజూ తడుస్తాయి. "అత్తమ్మా, నేను సముద్రం దాటడం లేదు, రోడ్డు దాటుతున్నా" అని విసుక్కుంటుంది.

నా వెనకాల ఎవరూ పోసింది లేదు. పోయడానికి నేను ఎక్కడికి వెళ్లాను గనక? పెళ్లయి పుట్టింటి గుమ్మం దిగిన రోజున మా అమ్మ చెంబు పట్టుకుని వచ్చి, మళ్లీ కింద పెట్టేసింది. పెళ్లికూతురికి పోయకూడదట, పోస్తే పుట్టింటికి తిరిగొచ్చేస్తుందట.

ఈ మార్చిలో 'రెండో జీతం' వాళ్లు హాజర్‌ని పిలిచారు. ఇల్లంతా పెళ్లివారిల్లయింది. పసుపు రంగు జాకెట్టు కొనుక్కుని, ఆఫీసుకి అబద్ధం చెప్పి, ట్యూనిస్ వెళ్లి మాట్లాడి వచ్చింది. అబద్ధం చెప్పక ఏం చేస్తుంది? ఆ ఆఫీసులో పెద్దసారు ఆమెని రోజూ ఒక మాట అంటాడు. "ఏం హాజర్, ఇవాళ ఆఫీసుకొచ్చావా, దుకాణం పెట్టావా?" అంటాడు. అంటూనే పండక్కి సీసాలు ఊరికే పట్టుకుపోతాడు. ఆ సీసాల తొడుగులు నేను అల్లినవే.

వారం తర్వాత ఆ కార్యక్రమం వచ్చింది. బట్టీ కింద మంట సన్నగా పెట్టి, ఫోను పిండిడబ్బాలో పెట్టి, పూలు ఏరుతూ కూర్చున్నాను. రాగి గొట్టం చివర చుక్క చుక్కగా పన్నీరు దిగుతోంది. గింజలు కొరుకుతున్న చప్పుడు. తర్వాత మా కోడలి గొంతు, మా ఇంట్లో ఎప్పుడూ వినని ధీమాతో.

"ఉద్యోగం, ఇల్లు, పాప. మరి ఇన్ని సీసాల పన్నీరు ఎలా తీస్తున్నావు హాజర్?" అని దొర్సాఫ్ అడిగింది.

"టైము ప్లాన్ చేసుకుంటాను. పొద్దున్నే లేస్తాను. నా బట్టీ దగ్గర నేనుంటే అలసట తెలియదు" అంది హాజర్. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు, "ఇంట్లో మా అత్తగారున్నారు లెండి. ఆవిడకీ కాస్త కాలక్షేపం."

చెయ్యి పూలల్లోనే ఆగిపోయింది.

కోపం కంటే ముందు నాకు వచ్చింది ఆశ్చర్యం. అప్పుడు గుర్తొచ్చాయి, విన్న మాటలన్నీ. బట్టలు కుట్టి అమ్మే టీచరు "పిల్లల్ని అమ్మ చూసుకుంటుంది, నా అదృష్టం" అంది. ఒక నర్సు "ఆర్డర్లు మా అత్తయ్య కట్టి పెడుతుంది, పాపం ఊరికే కూర్చోలేదు" అంది. పనులు పంచుకోండి, పంచుకోండి అని అందరూ చెప్పేవాళ్లే, ఎవరికి పంచారో చెప్పినవాళ్లు లేరు. ఇన్నాళ్లూ పరాయివాళ్ల కథలనుకుని వింటున్నాను. ప్రతిదానిలోనూ నేనున్నాను, పేరు లేకుండా. ఒక ఇంట్లో నన్ను అదృష్టమంటున్నారు, ఇంకో ఇంట్లో పాపమంటున్నారు, మా ఇంట్లో కాలక్షేపమంటున్నారు.

కాలక్షేపమన్న మాట నాకు కొత్త కాదు. కొడుకు చదువుకుంటుంటే పక్కన కూర్చుని, అతని పుస్తకాల్లోంచి అక్షరాలు నేనే నేర్చుకున్నాను. ఆగస్టులో వచ్చిన సాదొక్ నా చేతిలో పుస్తకం చూసి, "నీకేం, బోలెడు కాలక్షేపం. కష్టమంతా నాది" అన్నాడు. అప్పుడు ఆయన తల్లి మంచంలో ఉంది. ఆవిడ పక్కబట్టలు ఉతికి అప్పుడే వచ్చి కూర్చున్నాను.

సాయంత్రం హాజర్ మిఠాయి పొట్లంతో వచ్చింది. ఖైస్ కూడా బడి నుంచి వచ్చాడు. అతను స్కూలు మాస్టారు. బట్టీ ఇంకా వెలుగుతూనే ఉంది. మా ఇంట్లో ఒక నియమం ఉంది. బట్టీ కింద మంట ఉన్నంతసేపు ఆ గదిలో ఎదురుమాట లేవకూడదు, లేస్తే పన్నీరు చేదెక్కుతుంది. మా అత్తగారి నియమం అది. నేనేదైనా అడగబోయిన ప్రతిసారీ ఆవిడకి బట్టీ గుర్తొచ్చేది. సీజను కాకపోయినా.

"విన్నారా అత్తమ్మా? నా గొంతు వణికిందా?" అని అడిగింది హాజర్.

"గొంతు బావుంది. అందులో నేను లేను."

"అయ్యో, మీ గురించి చెప్పానుగా!"

"కాలక్షేపమన్నావు."

ఖైస్ గుమ్మంలోంచి, "అమ్మా, బట్టీ వెలుగుతోంది" అన్నాడు. అచ్చం వాళ్ల నాయనమ్మ.

"వెలగనీరా. పొద్దున్నించీ వెలిగించింది నేనేగా."

హాజర్ ముఖం ఎర్రబడింది. "నిజం చెబితే నన్నేమంటారో తెలుసా మీకు? ముసలి అత్తచేత చాకిరీ చేయించుకుని పైన పేరేసుకుంటోందంటారు. మా పెద్దసారుకి అది చాలు, రిటైరయ్యేదాకా అదే పాట పాడతాడు. అందుకే అలా అన్నాను, మిమ్మల్ని తగ్గించాలని కాదు."

"చాకిరీ అనుకుంటే నీకు సిగ్గు. పని అని చెప్పు, ఇద్దరికీ సిగ్గుండదు."

"ఇప్పుడు నీకేం తక్కువైందమ్మా? ఏది కావాలంటే అది తేవట్లేదా నేను?" అన్నాడు ఖైస్.

"మీ నాన్న కూడా తెచ్చేవాడురా. ప్రతి ఆగస్టులోనూ సబ్బులు తెచ్చేవాడు. ఇంకా బీరువాలో ఉన్నాయి, కావాలంటే తీసుకో."

ఖైస్‌కి నవ్వు వచ్చింది, ఆపుకున్నాడు. హాజర్ లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. అప్పుడు మొదలైంది నాకు భయం. బ్యాగు జిప్పు చప్పుడు వినిపించింది. ట్యూనిస్‌లో ఇల్లు తీసుకుందామని వాళ్లు అప్పుడప్పుడూ అనుకోవడం నేను వింటూనే ఉన్నాను. ఒక్క మాట అన్నందుకు కొడుకు, కోడలు, మనవరాలు వెళ్లిపోతారు. నేను చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడతాను. ఎందుకు నోరు విప్పాను? ఇంతలో తలుపు తెరుచుకుంది. హాజర్ ఆఫీసు బ్యాగులోంచి తీసిన టిఫిను డబ్బా పట్టుకుని వచ్చి, తొట్టిలో వేసి కడగడం మొదలుపెట్టింది.

నేను గొట్టం కింద వేలు పెట్టి ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. చేదు లేదు. రెండో చుక్క కూడా చూశాను. ఎన్నేళ్లు నోరు మూసుకున్నానో, ఈ చుక్కకి భయపడి.

మర్నాడు అందరూ వెళ్లాక ఫోను తీశాను. ప్రతి కార్యక్రమం చివరా దొర్సాఫ్ "మీ మాట మాకు పంపండి" అంటుంది. ఆ మైకు బొమ్మ ఎక్కడుందో నాకు తెలుసు. ఇన్నాళ్లూ దాని పక్కనుంచి వేలు దాటించుకుపోయేదాన్ని. నొక్కి పట్టుకున్నాను.

"నా పేరు మన్నూబియా. నాబుల్ నుంచి మాట్లాడుతున్నాను. మొన్న మీరు మాట్లాడించిన హాజర్ నా కోడలు. తెలివైన పిల్ల. ఆ సీసాల మీద పేరు ఆమెది, వాటిలో పన్నీరు నాది. మీ దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇళ్లల్లో నాలాంటిది ఒకతి ఉంటుంది తల్లీ. మీరు అడగరు, వాళ్లు చెప్పరు. ఒకసారి అడిగి చూడండి. మరీ ఎక్కువగా గింజలు తినకు, గొంతు పాడవుతుంది."

వేలు తీయగానే వెళ్లిపోయింది. వెనక్కి తెద్దామని ఎక్కడెక్కడో నొక్కాను. రాలేదు. ఆ రోజంతా గుమ్మానికీ బట్టీకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.

జవాబు దొర్సాఫ్ గొంతుతోనే వచ్చింది. గింజల చప్పుడు లేదు. "మన్నూబియా పిన్నీ, మీ మాట మా ఆఫీసులో అందరం విన్నాం. మా అమ్మకి కూడా వినిపించాను. ఆవిడ ఇంకోసారి పెట్టమంది. వచ్చే గురువారం మీరు రాగలరా? కోడలితో కాదు, మీరొక్కరే."

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను. ఖైస్ చెంచా కింద పెట్టేశాడు. "ఒక్కదానివే ట్యూనిస్‌కా? బండి ఎక్కడం వచ్చా నీకు? ఊళ్లోవాళ్లు ఏమనుకుంటారు, ఇంట్లో గొడవలనుకోరూ?"

"నాకు పనుందని అనుకుంటారు."

హాజర్ రొట్టె ముక్కలు చేస్తోంది. "గురువారం పూలు వస్తాయి. బట్టీ దగ్గర ఎవరుంటారు?" అని అడిగింది.

"యజమానురాలు" అన్నాను.

ఆ మాటకి తనకే నవ్వొచ్చింది. మొదట ముక్కుతో, తర్వాత గట్టిగా. నవ్వి, కళ్లు తుడుచుకుని, "మరి నా గురించి ఏం చెబుతారక్కడ?" అని చిన్నపిల్లలా అడిగింది.

"ఉన్నదే చెబుతాను. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండా సీసాలు సర్దుకుంటావనీ, పండగ సీసాలకి మీ సారు పైసా ఇవ్వడనీ, నా కొడుకు వంటింట్లో గ్లాసు కూడా కడగడనీ. నిన్ను అలిసిపోయేలా చేసింది నేను కాదు, నన్ను దాచిపెట్టింది నువ్వొక్కదానివే కాదు. అంతే."

ఖైస్ లేచి తన పళ్లెం తనే తీసుకెళ్లాడు.

ఈసారి హాజర్ ఆఫీసులో అబద్ధం చెప్పలేదు. "మా అత్తగారు పనిమీద ట్యూనిస్ వెళ్తున్నారు సార్, ఇంట్లో బట్టీ చూసుకోవాలి, సెలవు కావాలి" అందిట. పెద్దసారు నవ్వి, "అత్తగారికి పనేంటమ్మా?" అన్నాడట. "ఆవిడ మాట్లాడే 'రెండో జీతం' వచ్చినప్పుడు వినండి, తెలుస్తుంది. మీ పండగ సీసాల గురించి కూడా చెబుతారేమో" అందిట. సెలవు ఇచ్చాడు.

గురువారం పొద్దున తెల్ల సఫ్సారీ ముసుగు ఒళ్లంతా చుట్టుకుని, సంచిలో ఒక సీసా పెట్టుకుని గుమ్మం దగ్గరికి వచ్చాను. లోపల హాజర్ మొట్టమొదటిసారి మంట ముందు పీట వేసుకుని కూర్చుంది. పొగకి కళ్లు నీళ్లు కారుతున్నాయి. "ఎంత సన్నగా పెట్టాలి? ఇంత చాలా? మాడిపోదు కదా?" అని అరుస్తోంది. ఆ గదిలో అంత గట్టిగా ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

నాకు భయంగా ఉంది, దాచుకోవడం ఎందుకు. బండి దొరక్కపోతే? దారి తప్పితే? నేను వచ్చేసరికి వీళ్లు లేకపోతే? ఇన్నేళ్లూ గుమ్మానికి ఇటుపక్క నిలబడి భయపడ్డాను. అటుపక్క నిలబడినా అదే భయం, కానీ అక్కడి నుంచి రోడ్డు కనిపిస్తోంది.

"హాజర్" అని పిలిచాను.

మసి చేతులతో వచ్చింది.

"చెంబు తే. సాయంత్రానికి తిరిగి రావాలి కదా, నా వెనకాల నీళ్లు పొయ్యి."

పోసింది. ఎక్కువే పోసింది, మడమలు తడిశాయి. నేను విసుక్కోలేదు, వెనక్కి తిరిగి చూడలేదు.