తోర్‌లో కూర్చున్న కోడలు

మా ఆడవాళ్ల కాన్సర్ వార్డులో కిటికీ పక్క మంచం మీద రంగురంగుల ముక్కలతో కుట్టిన బొంత ఒకటి ఉంటుంది. కొత్తగా వచ్చిన డాక్టర్లు దాన్ని చూసి మొహం చిట్లిస్తారు. ఆసుపత్రిలో తెల్ల దుప్పటి ఉండాలి గానీ ఈ పెళ్లివారి బొంత ఏమిటని అడుగుతారు. దాని పైతొడుగు పేషెంటు మారినప్పుడల్లా మారుస్తామనీ, మరిగే నీళ్లలో ఉతికిస్తామనీ చెప్పి ఊరుకుంటాను. అసలు సంగతి చెప్పాలంటే వాళ్లకి తీరిక ఉండాలి, నాకు ఓపిక ఉండాలి. ఈవేళ నాకు ఓపిక ఉంది. గొప్పలు పోతోందని ఎవరైనా అనుకుంటే అనుకోనివ్వండి. గొప్పగా చెప్పుకోవాల్సిన పనే చేశాం మేం.

నా పేరు సాయ్‌కల్. కిర్గిజ్ రాజధాని బిష్కెక్‌లో ఈ వార్డుకి పెద్ద నర్సుని. నాతో పాటు లరీసా అనే రష్యన్ నర్సు ఉంది. మాటకి కటువు, చేతికి మెత్తన. అది సూది గుచ్చితే చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

ఆ వసంతంలో మూడో గదిలో నలుగురు ఉండేవాళ్లు. తలాస్ నుంచి వచ్చిన ఊల్కాన్ అవ్వ అందరికన్నా పెద్దది. వచ్చిన రోజే ఎవరినీ అడక్కుండా కిటికీ పక్క మంచం మీద కూర్చుంది. గుమ్మానికి దూరంగా, అన్నిటికన్నా లోపల ఉన్న చోటు అది. మా కిర్గిజ్ ఇళ్లలో దాన్ని తోర్ అంటాం. పెద్దలు అక్కడ కూర్చుంటారు. అక్కడ కూర్చున్నవాళ్లు లేవరు, అన్నీ వాళ్ల దగ్గరికే వస్తాయి. మధ్య మంచాల్లో ఒకటి క్లారా త్సోయ్‌ది, బజార్లో క్యారెట్ పచ్చడి అమ్మే కొరియన్ మనిషి. రెండోది జినాయిదా పావ్‌లోవ్నాది, లెక్కల టీచరుగా చేసి రిటైరైన రష్యన్ ఆవిడ. గుమ్మం పక్క మంచంలో బెగాయిం ఉండేది. కుట్టు కార్ఖానాలో పని, పెళ్లయి ఇంకా రెండేళ్లు నిండలేదు. నారీన్ వైపు గొర్రెలు కాసుకునే వాళ్లింటి కోడలు.

మొదటి రోజు వంటగది పిల్ల ఒకతె ఊల్కాన్ అవ్వకి గిన్నె నిండా చాయ్ పోసింది. అవ్వ గిన్నె వంకా పిల్ల వంకా మార్చి మార్చి చూసింది.

"ఏమ్మా, అప్పుడే సాగనంపుతున్నావా? ఇంకా మంచం కూడా వెచ్చబడలేదే."

గది అంతా నవ్వింది. మా దగ్గర గిన్నె నిండా పోశారంటే తాగేసి ఇక బయల్దేరమని. అడుగున రెండు గుక్కలు పోసి మళ్లీ మళ్లీ తెచ్చిస్తుంటే ఉండమని. బెగాయిం చప్పున లేచి ఆ పిల్ల చేతిలో కెటిల్ అందుకుంది. గదిలో అందరికన్నా చిన్న ఆడపిల్ల ఆమే కదా మరి. ఆ రోజు నుంచి ఆ గదిలో చాయ్ పోసేది ఆమే. అడిగినవాళ్లు లేరు, వద్దన్నవాళ్లూ లేరు.

బెగాయింకి కుడి రొమ్ము తీసేశారు. అటు చేతికి సూది గుచ్చకూడదు. మిగిలింది ఎడమ చెయ్యి ఒక్కటే. ఆమెకి రాసింది మేం ఎర్ర మందు అనే కీమో. అది నరంలో ఉన్నంతసేపే మందు. నరం దాటి బయటికి కారిందా, చర్మాన్నీ కండనీ కాల్చేస్తుంది. ఛాతీ దగ్గర అమర్చే గొట్టం మా ఆసుపత్రికి అప్పటికి రాలేదు. అందుకని ఎర్ర మందు ఎక్కుతున్నంతసేపూ చెయ్యి కదలకూడదు.

రెండోసారి మందు ఎక్కుతుండగా ఊల్కాన్ అవ్వ చెల్లెలు చూడ్డానికి వచ్చింది. నేను పక్క గదిలో ఉన్నాను. బెగాయిం లేచి, సీసా వేలాడే స్టాండుని పక్కన నడిపించుకుంటూ వెళ్లి చాయ్ పోసింది. కుడిచేత్తో గిన్నె అందించింది. పెద్దవాళ్లకి ఇస్తున్నప్పుడు ఎడమ అరచెయ్యి కుడి మోచేతి కింద ఆనించడం మా మర్యాద. ఆమె చెయ్యి దానంతటదే వంగింది. సూది జరిగింది.

లరీసా చూసింది కాబట్టి సరిపోయింది. మందు ఆపి, సూదిలోంచే వెనక్కి లాగి, మంచుగడ్డలు పెట్టాం. అయినా ముంజేతి మీద నాణెమంత మేర నల్లగా కాలింది.

"ఎందుకు లేచావే?" అని అడిగాను, ఏడుపూ కోపమూ కలిసి వస్తుంటే.

"పెద్దావిడ వచ్చారు కదక్కా," అంది, అదో అడగాల్సిన ప్రశ్నేనా అన్నట్టు.

డాక్టరు చెయ్యి చూసి పెదవి విరిచాడు. ఇంకోసారి కారితే ఈ చేతికి మందు ఎక్కించలేనన్నాడు. ఆయన తప్పేం లేదు, ఉన్నమాటే అన్నాడు. ఇంకా రెండుసార్లు ఎక్కాలి. ఆ రెండూ ఎక్కకపోతే అప్పటిదాకా పడ్డ బాధంతా బూడిదలో పోసినట్టే. సాయంత్రం ఆమె మొగుడు నాకు ఫోన్ చేశాడు.

"అక్కా, ఆసుపత్రిలో చెయ్యి కాల్చేశారని అమ్మ మండిపడుతోంది. గొర్రెలు ఈనే కాలం అయిపోగానే తనే వచ్చి తీసుకెళ్లిపోతానంటోంది. ఇంట్లో వేర్లూ ఆకులూ కాచి ఇస్తుందట."

"నువ్వేమంటావు?"

"అమ్మ ముందు నేనేమంటానక్కా?"

మేం చెయ్యాల్సినవన్నీ చేశాం. లేవొద్దని బెగాయిం చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను. సరేనక్కా అని తల ఊపేది, ఎవరైనా పెద్దవాళ్లు గుమ్మంలో కనపడగానే కాళ్లు కిందపెట్టేది. మామూలు సెలైన్ ఎక్కే రోజున లరీసా చెక్కపలకకి చెయ్యి కట్టేసి చూసింది. పలకతోనే లేచింది. గదిలో చాయ్ బంద్ చేస్తానన్నాను. అప్పుడు క్లారా త్సోయ్ మంచం మీద లేచి కూర్చుంది.

"సాయ్‌కల్, ఇది ఆసుపత్రా, జైలా? జైల్లో కూడా చాయ్ ఇస్తారు. మా బావ చెప్పాడు, ఆయనకి బాగా తెలుసు."

ఇంకో రోజు భోజనాల దగ్గర లరీసా విసుగ్గా నా వైపు తిరిగింది.

"మీ వాళ్లలో ఎవరొచ్చినా లేవకుండా కూర్చునే ఆడది ఒక్కతి కూడా ఉండదా?"

"ఎందుకుండదు? తోర్‌లో కూర్చున్నావిడ లేవదు," అన్నాను. అన్నాక నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇన్నాళ్లూ ఆ పిల్లని లేవనీయకుండా, కోడళ్లు కూర్చునే గుమ్మం పక్కనే కట్టేసి ఉంచాం. చోటు మార్చాలన్న ఆలోచనే రాలేదు.

అడగడం ఎలా అన్నదే మిగిలింది. ఊల్కాన్ అవ్వకి ముక్కు మీద కోపం. ఆవిడ మంచం దగ్గర కూర్చుని చేతులు నలుపుకుంటూ మొదలుపెట్టాను.

"అవ్వా, బెగాయింకి ఎర్ర మందు ఎక్కే రోజున ఈ మంచం ఆ పిల్లకి ఇవ్వాలి."

"ఎందుకు? నేను పోయేదాకా ఆగలేకపోతోందా?"

"ఆ పిల్లకి సూది గుచ్చడానికి ఒక్క చెయ్యే ఉంది. లేచి చాయ్ పోస్తే అదీ కాలిపోతుంది. తోర్‌లో ఉంటే లేవక్కర్లేదు కదా."

అవ్వ కిటికీలోంచి బయట మంచు కరుగుతున్న కొండల వైపు చూసింది.

"ఆ చెయ్యి కాలింది మా చెల్లెలికి చాయ్ పోసినందుకా?"

"డాక్టరు చెప్పారుగా ఆ రోజే."

"మీ డాక్టరు రష్యన్‌లో గొణుగుతాడు. నాకు కిర్గిజే సగం వినపడి చావదు. అందరూ రూలు, రూలు అంటుంటే మీ రూలు మీ దగ్గరే పెట్టుకోమన్నాను. పిల్ల చెయ్యి కాలుతుందని ఒక్క ముక్క చెబితే నా గిన్నె నేను పోసుకోలేనా?"

మందు రోజు పొద్దున్నే అవ్వ తన దిండు చంకన పెట్టుకుని గుమ్మం పక్క మంచానికి నడిచింది. బెగాయిం కంగారుపడిపోయింది.

"అవ్వా, మీరు గుమ్మంలో, నేను తోర్‌లోనా? మా అత్తయ్యకి తెలిస్తే?"

"మీ అత్త సంగతి నాకొదిలెయ్. పెద్దదాన్ని, నేను కూర్చోమన్నాను. నా మాట కాదని లేచావనుకో, అదీ అసలైన అమర్యాద."

బెగాయిం వెళ్లి కిటికీ పక్క కూర్చుంది. ఆ రోజు చాయ్ అవ్వే పోసింది. సగం గిన్నెలో, సగం బల్ల మీద. బెగాయిం తల దించుకుని తాగింది. మందు చుక్క కూడా కారలేదు. సీసా ఖాళీ అయ్యాక లరీసా నర్సుల గదిలోకి వచ్చి నన్ను వాటేసుకుంది. ఆ కటువు మనిషి ఎవరినైనా వాటేసుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఆ తర్వాత ఎవరికి ఎర్ర మందుంటే వాళ్లది కిటికీ మంచం. "రేపు రాణీగారి మంచం నాదే," అని క్లారా ముందు రోజు నుంచే దండోరా వేసుకునేది. ఆవిడతో వేరే చిక్కు. తన చాయ్ తను పోసుకోదు, పక్కవాళ్లకి పోస్తుంది, పక్కవాళ్లు తనకి పొయ్యాలి, అదీ వాళ్ల కొరియన్ మర్యాద. జినాయిదా పావ్‌లోవ్నాకి సరిగ్గా దీనికి తలకిందులు. ఎవరైనా తనకి పోస్తే చంటిపిల్లలా చూస్తున్నారని అలుగుతుంది. ఆవిడకి చేతికందేలా సూది లేని చేతి వైపు చిన్న ఫ్లాస్కు పెట్టాం. అప్పటి నుంచి వార్డులో ఎవరు చేరినా బీపీ చూస్తూనే అడుగుతాం, మీ ఇంట్లో ఎవరు లేస్తారు, ఎవరు లేవరు అని. మాకు తెలుసులే అనుకోవడం మానేశాం. ఇప్పుడు పై అంతస్తు నర్సులు కూడా అదే అడుగుతున్నారు. వాళ్లకి నేర్పింది మేమే.

బెగాయిం కార్ఖానా నుంచి ముక్కలు తెప్పించుకుని, బాగున్న రోజుల్లో కూర్చుని ఆ మంచానికి బొంత కుట్టింది. తోర్ అన్నాక ఉత్త పరుపేమిటక్కా అంది.

ఆఖరి మందు రోజున, సీసాలో సగం ఎక్కాక, తోక్తోకాన్ వచ్చింది. బెగాయిం అత్తగారు. తెల్ల తలగుడ్డ, బురద అంటిన బూట్లు, భుజాన ఒక ఖాళీ సంచి. పేషెంట్లని చూడ్డానికి వచ్చేవాళ్లు నిండు సంచితో వస్తారు. ఈవిడ కోడలి బట్టలు సర్దుకుపోవడానికి వచ్చిందని నాకు అర్థమైంది.

బెగాయిం మొహం తెల్లబోయింది. ఆమె మంచం మీంచి లేవబోయింది. నేను దగ్గరికి చేరేలోగా గుమ్మం పక్క మంచం మీంచి అవ్వ మాట వినపడింది.

"కూర్చో."

బెగాయిం ఆగిపోయింది. ఎడమ చెయ్యి దిండు మీద పెట్టింది పెట్టినట్టే ఉంది. పెళ్లయ్యాక అత్తగారు గదిలోకి వస్తే ఆ పిల్ల లేవకపోవడం అదే మొదటిసారి.

తోక్తోకాన్ గుమ్మంలోనే నిలబడి గదంతా కలయజూసింది.

"ఇదేం పద్ధతి? తల నెరిసిన మనిషి గుమ్మంలో, నా కోడలు తోర్‌లోనా?"

"నేనే కూర్చోబెట్టాను," అంది ఊల్కాన్ అవ్వ. "కోపమొస్తే నా మీద చూపించు. నీ కోడలు మంచి పిల్ల. మరీ మంచిది. నా చెల్లెలికి చాయ్ పొయ్యబోయి చెయ్యి కాల్చుకుంది."

తోక్తోకాన్ నా వైపు తిరిగింది. "చెయ్యి మీరు కాల్చారని చెప్పారు నాకు."

"మందు కాల్చింది పెద్దమ్మా. లేచి నిలబడితే చేతిని కాలుస్తుంది, కదలకుండా ఉంటే రోగాన్ని కాలుస్తుంది," అన్నాను. "ఆ సీసాలో మిగిలిన సగమే ఆఖరిది. తర్వాత ఇంకా చూపించుకోవాలి, కొన్నాళ్లు ఇక్కడే ఉండాలి. తీసుకెళ్లాలంటే నేను అడ్డం పడలేను. కానీ ఇప్పుడు మాత్రం లేపొద్దు."

"కింద బండి పెట్టుకుని వచ్చాను," అంది.

ఆవిడ మెల్లగా మంచం దాకా నడిచింది. ముంజేతి మీద నల్ల మచ్చని వంగి చూసింది. తర్వాత బొంత అంచు మీద వేలితో రాసి చూసింది.

"ఈ కుట్టు నీదే కదూ?"

"అవునత్తయ్యా."

"చాయ్ ఎవరు పోస్తున్నారిక్కడ?"

"నేనే," అంది అవ్వ.

"మీరు పడుకోండి అక్కా. మీ చేతులు వణుకుతున్నాయి, బల్లంతా తడి చేశారు."

ఖాళీ సంచి మూలకి విసిరి, చేతులు కడుక్కుని, కెటిల్ పక్కన, గుమ్మం దగ్గర, కోడలు కూర్చునే చోట కూర్చుంది. అడుగున రెండు గుక్కలు పోసింది. లేచి కిటికీ దాకా తెచ్చి, కుడిచేత్తో గిన్నె అందిస్తూ, ఎడమ అరచెయ్యి మోచేతి కింద ఆనించింది. కోడలికి అలా ఇచ్చిన అత్తగారిని నేనెక్కడా చూడలేదు. జినాయిదా పావ్‌లోవ్నా కళ్లజోడు తీసి తుడుచుకుంది.

బెగాయిం రెండు గుక్కలూ తాగింది. తోక్తోకాన్ ఖాళీ గిన్నె పట్టుకెళ్లి మళ్లీ రెండు గుక్కలు పోసి తెచ్చింది. మళ్లీ తాగింది. మళ్లీ తెచ్చింది. బండి డ్రైవరు పైకొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అత్తా, బయల్దేరదామా? కనుమలో పొద్దుగూకుతుంది."

"నువ్వెళ్లు. మా చాయ్ అవ్వలేదు," అంది వెనక్కి తిరక్కుండానే.

నేనూ లరీసా గోడకి ఆనుకుని నిలబడి చూస్తున్నాం. ఎర్ర మందు ఆఖరి చుక్క దిగేదాకా ఆవిడ ఆ కిటికీకీ కెటిల్‌కీ మధ్య తిరుగుతూనే ఉంది. ఒక్కసారి కూడా గిన్నె నిండా పొయ్యలేదు.