కానుగ నీడలో గుంట

మస్తానయ్య మూడో మేకు కొట్టి, దారాన్ని దాని మెడకు చుట్టి లాగి చూసుకున్నాడు. దారం బిగువుగా నిలిచింది. ఈ పని అతనికి బాగా వచ్చు. నేల మీద చదరం వేయమంటే చేతులు వాటంతట అవే వేస్తాయి. ఆ చదరంలో ఏముందో చూడమంటే మాత్రం కళ్ళు మొరాయిస్తాయి. నాలుగో మేకు కొట్టేముందు ఒకసారి తలెత్తాడు. కానుగ చెట్టు నీడ మధ్యాహ్నానికి ఎటు తిరుగుతుందో చూసుకున్నాడు. దాంతో గుంటకు చోటు ఖాయమైపోయింది.

కంపెనీ ఇచ్చిన పటంలో ఈ గుంట ఇంకా అవతల, ఎండలో, గులకరాళ్ళ నేల మీద ఉంది. పటాలు గీసేవాళ్ళు ఫ్యాను కింద కూర్చుని గీస్తారు, వాళ్ళదేం పోయింది అని మస్తానయ్య వాదన. ఇన్నేళ్ళలో అతను తవ్వించిన గుంటలన్నీ పటంలోని చోటు వదిలేసి మెత్తటి నేలకో చెట్టు నీడకో నడిచి వచ్చినవే. అలాంటి చోట్ల ఏమీ దొరకదు. దొరక్కపోబట్టే మళ్ళీ మళ్ళీ పిలుస్తారు. కాంట్రాక్టర్ల మనుషులు అతనికి ఏమీలేదయ్య అని పేరు పెట్టారు. అది చెవిన పడ్డప్పుడు అతను సిగ్గుపడలేదు సరికదా, లోలోపల సంతోషించాడు. ఛీ, కొందరికి ఏ పేరు పెట్టినా అతుకుతుంది.

విడవలూరు దాటి సముద్రం వైపు పోయే రోడ్డు మీద, ఉప్పుకాలవ పైన ఉన్న వంతెన పాతది, పొట్టిది. వాన గట్టిగా పడితే కాలవ దాని మీదుగా పారుతుంది. పిట్టగోడ సగం ఎప్పుడో ఊడిపోయింది. రొయ్యల లారీలు తిరిగి తిరిగి స్తంభాలు నెర్రెలిచ్చాయి. దీన్ని కొట్టేసి పక్కనే ఎత్తుగా కొత్తది కడతారు. కట్టేముందు నేల కింద పాతకాలపు ఆనవాళ్ళేమైనా ఉన్నాయా అని చూడాలని రూలు. ఉంటే పని ఆపాలి, పునాది పక్కకు జరపాలి. అందుకని రోడ్డు కాంట్రాక్టరు ఒక కంపెనీని పెట్టుకున్నాడు, కంపెనీ మస్తానయ్యను పెట్టుకుంది. రిపోర్టు ముందే తయారై కంప్యూటర్లో కూర్చుని ఉంది. ఇంకెక్కడి వంతెనకో రాసినదాన్ని తీసి ఊరి పేరు మార్చారు, ఒక చోట మార్చడం మరిచిపోయారు కూడా. ఇక కావలసినవి ఖాళీ గుంటల ఫోటోలు. నిన్నటి గుంటలన్నిటిలోనూ ఏమీ లేదు. ఇది చివరిది.

నిన్న తవ్విన మగవాళ్ళు సముద్రం మీద చేపల వేటకు పోయారు. ఈ రోజు వచ్చింది రెబెక్కమ్మ ఒక్కతే. కాలవ ఇవతలి పల్లెలో ఉంటుంది. నలభై దాటిన మనిషి. రొయ్యలు ఒలిచి ఒలిచి వేళ్ళ కొనలు తెల్లబారి ముడతలు పడ్డాయి. ఆమెను ఎవరూ పిలవలేదు. తానే పార, తట్ట తీసుకుని వచ్చి, "ఈ గుంట నేను తవ్వతా సార్" అంది. ఎందుకని మస్తానయ్య అడగలేదు. అడిగితే జవాబు వస్తుంది, జవాబు వస్తే ఏదో ఒకటి చేయాల్సి వస్తుంది. అతను అడగడం మానేసి చాలా కాలమైంది.

దారం చదరంలో ఒక మూల, కంప మొక్కల మధ్య, సగం పూడుకుపోయిన రాయి ఒకటి ఉంది. రెబెక్కమ్మ దాని ముందు గొంతుకూర్చుని అరచెయ్యి ఆనించింది. పార పక్కన పెట్టేసింది.

"ఏమ్మే, ఆ రాయి తీసి అవతలెయ్యి" అన్నాడు మస్తానయ్య.

ఆమె తీయలేదు. "సార్, ఈడ ఏందన్నా ఉంటే బ్రిడ్జి పక్కకు జరుపుతారంట గదా?"

"ఉంటే గదా."

"ఉండాది సార్."

అతను చప్పున రోడ్డు వైపు చూశాడు. ఆశతో కాదు, భయంతో. "ఏముండాది?"

"నా బిడ్డ."

ఆమె ఏడవలేదు. కూలి పని మాట్లాడుకున్నట్టే చెప్పింది. "బిడ్డ పోయినప్పుడు తుపాను సార్. కాలవ బ్రిడ్జి మీద పారతా ఉండింది. మా సమాధులు అవతల గట్టున. పోను దోవ లేదు. పసిబిడ్డను ఎన్నాళ్ళని ఇంట్లో పెట్టుకుంటాం? మా మామ ఈడ గుంట తీసినాడు. కుక్కలు లాక్కపోకుండా పిట్టగోడ రాయి తెచ్చి పెట్టినాడు. నీళ్ళు తీసినాక అవతలికి మారుద్దాం అన్నారు. ఎవురు మారుస్తారు సార్? రోజూ ఈ దోవనే పోతా, చూసుకుంటా పోతా." కొంచెం ఆగి అడిగింది. "సమాధి ఉండాదని రాయండి సార్. పక్కకు జరుపుతారు."

మస్తానయ్య కొలకర్రను తువ్వాలుతో తుడుస్తూ నిలబడ్డాడు. ఎరుపు తెలుపు పట్టీలు వేసిన ఆ కర్రను ప్రతి గుంటలోనూ పడుకోబెట్టి ఫోటో తీయాలి. తుడవడానికి దాని మీద మురికేమీ లేదు.

"నూరేళ్ళు దాటినయ్యే మేం రాసేది" అన్నాడు. "నిన్నా మొన్నటియి లెక్కలోకి రావమ్మే. రూలు అట్ట ఉండాది. నీ బిడ్డకు నూరేళ్ళు కాలా."

"నెల తిరక్కుండానే నిండినాయి సార్ నూరేళ్ళు" అంది రెబెక్కమ్మ.

అతనికి అర్థం కాక కాదు. రాయాలనుకుంటే రాయవచ్చు, కొట్టేస్తే పైవాళ్ళు కొట్టేస్తారు. కానీ సమాధి అనే మాట కాగితం మీద పడితే తహసీల్దారు ఆఫీసు కదులుతుంది, పల్లె కదులుతుంది, కాంట్రాక్టరు కంపెనీ మీద అరుస్తాడు. కంపెనీ ఇంకో ఏమీలేదయ్యను వెతుక్కుంటుంది. మస్తానయ్య ఇంతవరకే ఆలోచించాడు. అక్కడితో అతని ఆలోచన ఆగిపోతుంది, ఎప్పుడూ అంతే.

పుట్టుకతోనే ఇలాంటివాడని చెప్పడానికి లేదు. మీసాలు వస్తున్న వయసులో పురావస్తు శాఖ తవ్వకాల్లో దినకూలీగా చేరాడు. ఒకరోజు జల్లెడలో ఎర్రటి పూస ఒకటి తగిలింది. సన్నటి బెజ్జం, నున్నటి ఒళ్ళు. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని డేరా దాకా అరుస్తూ పరిగెత్తాడు. అధికారికి అప్పటికే ఊరికి పోవడానికి టికెట్టు అయింది. పూస దొరికింది కాబట్టి ఇంకో నెల ఆ ఎండలో పడి ఉండాలి. ఆయన పూసను చూడలేదు. "నిన్నెవరు వెతకమన్నారురా" అన్నాడు. మస్తానయ్య ఆ ఒక్క పాఠం చాలా శ్రద్ధగా నేర్చుకున్నాడు. పెళ్ళయిన కొత్తలో ఆదిశేషమ్మ సాయంత్రం కాళ్ళకు నీళ్ళిస్తూ, ఈరోజు ఏం దొరికింది అని అడిగేది. రాజుల ఖజానా ఏదో మొగుడు తవ్వుతున్నాడని ఆ అమాయకురాలి నమ్మకం. కొన్నాళ్ళకు ఆమె కూడా అడగడం మానేసింది. ఒక మనిషి తిట్టాడని బతుకంతా కళ్ళు మూసుకున్నవాణ్ణి చూసి జాలిపడాలో అసహ్యించుకోవాలో తేల్చుకోనక్కరలేదు. అసహ్యించుకోవచ్చు.

పొద్దు నడినెత్తికి వచ్చే వేళకు సైటు సూపర్‌వైజరు పెంచలకృష్ణ మోటారు సైకిలు మీద వచ్చాడు. హ్యాండిలుకు బిరియానీ పొట్లాం వేలాడుతోంది. గుంట ఇంకా మొదలే కాలేదని చూసి కూడా ఏమీ అనలేదు. గుంట ఉన్నా లేకపోయినా ఒకటే అని అతనికీ తెలుసు.

"అన్నా, రేప్పొద్దున్నే మిషను దించుతాండారు. సాయంత్రానికి ఫోటోలు పంపించేయ్" అన్నాడు.

"పంపిస్తాలే. ఏముండాది ఈడ."

"నువ్వొచ్చినావంటే మాకు భయం లేదన్నా" అని నవ్వి, పొట్లాం చేతికిచ్చి పెంచలకృష్ణ వెళ్ళిపోయాడు. ఆ పొగడ్తకు మస్తానయ్య ముఖం వెలిగింది. నిజంగా వెలిగింది.

రెబెక్కమ్మ అదంతా వింది. తెచ్చుకున్న సద్దిడబ్బా మూత కూడా తీయలేదు. అతను తిని చేయి కడుక్కునేదాకా ఊరుకుని దగ్గరికి వచ్చింది.

"రాయరు గదా సార్."

"చెప్పినా గదమ్మే."

"అయితే నేను తీసకపోవచ్చా?"

మస్తానయ్య పళ్ళ సందుల్లో పుల్లతో కెలుక్కుంటూ కాలవ వైపు చూశాడు. "నువ్వు నాకేం చెప్పలా. నేనేం వినలా. నేను కాసేపు పడుకుంటుండా" అన్నాడు.

తువ్వాలు ముఖం మీద కప్పుకుని కానుగ కింద వెల్లకిలా పడుకున్నాడు. మధ్యాహ్నపు నిద్ర అతనికి ఏ సైటులోనూ తప్పదు. కానీ ఆ రోజు పట్టలేదు. మొదట రాయి దొర్లిన చప్పుడు వినిపించింది. తరువాత పార. కొంతసేపటికి పార చప్పుడు ఆగిపోయి, చేతులతో ఇసుక తోడుతున్న అలికిడి మొదలైంది. అది చాలాసేపు సాగింది. మధ్యలో ఒకసారి అంతా ఆగింది. ఆమె ఏదో మెల్లగా అంది, బహుశా ఏదో పేరు. నెల నిండని ఆ బిడ్డకు పేరు పెట్టారో లేదో. తువ్వాలు కింద మస్తానయ్య కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. అతను కదల్లేదు. దీన్ని దయ అని అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. లేచి ఆమెకు ఒక చెయ్యి వేయడం దయ. తట్ట ఎత్తి నెత్తికి అందించడం దయ. పడుకుని ఉండటానికి దయ అక్కరలేదు.

చివరికి అడుగుల చప్పుడు దూరమైంది. అప్పుడు తువ్వాలు అంచు ఎత్తి చూశాడు. రెబెక్కమ్మ నెత్తిన తట్ట, చేతిలో పార ఉన్నాయి. తట్ట మీద పైట చెంగు కప్పింది. పగుళ్ళిచ్చిన వంతెన మీద, పిట్టగోడ లేని వైపుకు పోకుండా, నడుమ దారిన మెల్లగా నడుస్తోంది. అప్పుడు దాటలేని కాలవ ఇప్పుడు మోకాలి లోతు కూడా లేదు. అవతలి గట్టు ఎక్కి, సమాధుల వైపు తిరిగి, తుమ్మకంపల వెనుక కనిపించకుండా పోయింది. మస్తానయ్య ఇంకొంచెం సేపు పడుకున్నాడు.

లేచి చూస్తే గుంట తయారుగా ఉంది. దారం ఎక్కడా తెగలేదు. మూలలు నిటారుగా వచ్చాయి. అతను పెట్టిన కూలీలెవరూ ఇంత శుభ్రంగా తవ్వలేదు. రాయి గుంట పక్కనే, దొర్లించిన చోటే ఉంది. కూలి తీసుకోవడానికి ఆమె తిరిగి రాదని అతనికి తెలుసు. ఆ సంగతి తెలిసి అతనికి ఎక్కడో హాయిగా కూడా ఉంది.

గుంటలోకి దిగి కొలకర్రను పడుకోబెట్టాడు. పలక మీద సుద్దముక్కతో ఊరి పేరు రాసి కర్ర పక్కన నిలబెట్టాడు. పైకొచ్చి ఫోను ఎత్తాడు. అప్పుడు కనిపించింది. ఒక మూల తడి ఇసుకలో నల్లటి చుట్ట. వంగి చూశాడు. దిష్టి తగలకుండా పసిబిడ్డ చేతికి తొడిగే నల్లగాజు. జతలో ఒకటి ఆమె తట్టలోకి పోయినట్టుంది, ఇది జారిపోయింది.

అతను వంతెన వైపు చూశాడు. ఆమెను కేకేసి పిలవవచ్చు. తీసుకుపోయి ఇవ్వవచ్చు, సమాధులు ఎంత దూరమని? గాజు మీదికి చెయ్యి కూడా చాచాడు. కానీ తాకితే దొరికినట్టు. చాచిన చెయ్యి వెనక్కి తీసుకుని లేచాడు.

ఫోనులోంచి చూశాడు. గాజు పడుతోంది. ఒక అడుగు పక్కకు వేశాడు. ఇంకా పడుతోంది. దిగి కొలకర్రను ఇటు జరిపి, పలకను జరిపి, మళ్ళీ పైకెక్కి, మోకాలు వంచి ఫోనును వాలుగా పట్టాడు. బతుకంతా నేర్చుకున్న విద్య అంతా ఆ వంపులో ఉంది. ఇప్పుడు కర్ర, పలక, నున్నటి ఇసుక, అంతే. ఫోటో తీసి పంపించాడు. కింద రెండు మాటలు కొట్టాడు. ఏమీ లేదు.

సాయంత్రం పెంచలకృష్ణ వచ్చి అతన్ని బండి ఎక్కించుకున్నాడు. మేకులు పీకి, దారం చుట్టి, పలక తుడిచి, కర్రను సంచిలో పెట్టుకుని మస్తానయ్య వెనక కూర్చున్నాడు. బండి వంతెన దాటుతున్నప్పుడు సమాధుల వైపు చూడకుండా తల తిప్పుకున్నాడు. కానుగ నీడ గుంట మీద నుంచి జరిగిపోయింది, వాలిన ఎండ లోపలికి దిగింది. గుంట అడుగున, పెద్దవాళ్ళ రెండు వేళ్ళకు కూడా చాలని నల్లగాజు, ఇసుక రాలిన వైపు మెరుస్తూ ఉంది.