అడిగి ఆగడం

'ప్రవీణ ఉపాధ్యాయ' పట్టా కోసం పెట్టే పరీక్ష శైలజ రెండుసార్లు రాసింది. రెండుసార్లూ తప్పింది. లాలాపేట్‌లో ఒక ప్రభుత్వ బడిలో ఆమె లెక్కల టీచరు. సర్వీసు ఇరవై ఏళ్లు దాటింది, ఆమె పాఠమంటే పిల్లలు చెవి కోసుకుంటారని పేరు. అయితే ఆ పరీక్షలో అడిగేది పాఠం గురించి కాదు, ఏ సిద్ధాంతాన్ని ఏ పండితుడు ఎప్పుడు చెప్పాడన్నది. పైగా ఒక్క పేపరు పోయినా అన్నీ మళ్లీ మొదటినుంచి రాయాలి. రెండోసారి తప్పినప్పుడు "ఇగ నాతోని కాదు" అని పుస్తకాలన్నీ అటక మీద పడేసింది.

ఈ ఏడు ఆ పద్ధతే మార్చేశారు. అనుభవమున్న టీచర్లకిచ్చే ఈ పట్టాకు ఇక రాతపరీక్ష లేదు. దరఖాస్తు పెట్టినవాళ్లను ఇద్దరిద్దరిని జత చేస్తారు. ఒకరి తరగతిలో ఒకరు కూర్చుని, చూసింది చూసినట్టు మొహం మీదే చెప్పాలి. అది విని, అదే పిల్లలకు తర్వాతి పాఠం చెప్పాలి. చివరికి ఆ రెండు పాఠాల వీడియోలతో యూనివర్సిటీలో నిపుణుల ముందు కూర్చోవాలి. రాతపరీక్ష లేదనేసరికి శైలజ మళ్లీ దరఖాస్తు పెట్టింది.

క్యాంపస్‌లో జరిగిన మొదటి సమావేశంలో సమన్వయకర్త జ్యోతిర్మయి ఇదంతా వివరిస్తుంటే, ముందు వరుసలోంచి ఒక పెద్దాయన లేచారు.

"నాలుగేళ్లుగా పాత సిలబస్సు చదువుతున్నానండీ. ఇప్పుడొచ్చి అదంతా గంగలో కలిపేస్తే ఎలాగండీ? ఇన్నేళ్లలో నా తరగతిలో ఇనస్పెక్టరు తప్ప ఇంకో మనిషి కూర్చోలేదు."

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు. ఆయన పేరు సోమయాజులు. ఎప్పుడో కాకినాడ నుంచి వచ్చి కాచిగూడలో స్థిరపడ్డ ఫిజిక్సు మాస్టారు. జ్యోతిర్మయి జతలు చదువుతుంటే, ఆ పేరు పక్కన తన పేరే వినపడేసరికి శైలజ "ఈయనతోనా!" అనుకుంది.

మొదట ఆయనే ఆమె తరగతికి వచ్చారు. వెనక బెంచీలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నంత గంభీరంగా కూర్చుని, గంట కొట్టాక "చాలా బాగుందమ్మా" అని ఒక్క ముక్క చెప్పి వెళ్లిపోయారు.

తర్వాతి వారం శైలజ వెళ్లింది. నీళ్ల గ్లాసులో పెన్సిలు పెట్టి ఆయన కాంతి పాఠం ఎత్తుకున్నారు. కంచు గొంతు. బోర్డు మీద అక్షరాలు అచ్చు గుద్దినట్టున్నాయి. ఆమె కూడా కాసేపు పిల్లలతో పాటు నోరు తెరుచుకుని వింది. ఆ తర్వాత ఒక సంగతి గమనించింది. "పెన్సిలు ఎందుకు విరిగినట్టు కనపడుతోంది?" అని అడుగుతారు, ఊపిరి తీసుకునేలోపు "ఎందుకంటే" అంటూ ఆయనే చెప్పేస్తారు. కిటికీ పక్కన కూర్చున్న ధరణి అనే పిల్ల ప్రతిసారీ చెయ్యి సగం లేపి, ఆ చేత్తోనే జడ సర్దుకునేది. పాఠం చివరికొచ్చేసరికి లేపడం మానేసింది.

ఇద్దరూ తార్నాక చౌరస్తా దగ్గర హోటల్లో చాయ్‌కి కూర్చున్నారు. పెద్దమనిషి, నొచ్చుకుంటాడేమోనని శైలజ చాలాసేపు తటపటాయించింది. కానీ ఆ పిల్ల చెయ్యి కళ్లముందు నుంచి పోలేదు.

"సార్, ఏమనుకోకుంటే ఒక్క మాట చెప్త. పాఠం మస్తుగున్నది. కానీ మీరడిగిన ప్రశ్నలన్నిటికీ మీరే జవాబు చెప్పుకున్నరు. ధరణి చెయ్యి లేపుదామని ఎన్నిసార్లు చూసిందో! మీరు ఆగలే."

ఆయన మొహం వాడిపోయింది. "సిలబస్సు ఎవరు పూర్తి చేస్తారండీ?" అని లేచి, సగం చాయ్ కప్పులో వదిలేసి మెట్రో మెట్లెక్కేశారు.

ఇంట్లో భర్త నరహరి తల పట్టుకున్నాడు. "బాగున్నదంటే అయిపోవు గదనే! నీదేం పోయేది?"

"ఆ పోరి చెయ్యి నువ్వు చూడలే," అంది శైలజ.

వారం గడిచింది. ఆమె ఫోన్ చేస్తే ఆయన ఎత్తలేదు. జత విడిపోతే ఈ ఏటికి దరఖాస్తు చెల్లదు. మూడోసారి కూడా ఇంతేనా అని ఆమె డీలా పడిపోయిన రోజున, మధ్యాహ్నం భోజనాల వేళ సోమయాజులు నేరుగా ఆమె బడికే వచ్చారు.

"మా ఆవిడ కమలాదేవిని అడిగానండీ, ఇంట్లో కూడా నేనింతేనా అని. ఆవిడ నోరు తెరిచేలోపు 'అబ్బే, ఇంట్లో అలా కాదులే' అని నేనే చెప్పేశాను. ఆవిడ పడీపడీ నవ్వింది."

శైలజకూ నవ్వాగలేదు. ఆయన మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించారు. "మీరు నాకు నిజం చెప్పారు. నేను మీకు చెప్పలేదమ్మా. గోడవైపు వరుస వంక మీరు ఒక్కసారైనా చూడలేదు."

"లేదు సార్, నేనట్ల చెయ్య," అంది ఠక్కున.

ఆ రోజు ఆమె తరగతిలో తీసిన వీడియోను ఆయన ఫోన్‌లో పెట్టారు. శైలజ చూసింది. చురుగ్గా జవాబులు చెప్పే పిల్లలు, వాళ్ల మధ్య వెలిగిపోతున్న తను. గోడ పక్కన మాణికేశ్వర్ నగర్ నుంచి వచ్చే భూపాల్, ఇంకో నలుగురు. వాళ్లకు పాఠం పొడుగునా కనపడింది ఆమె వీపే. తన పాఠమంటే పిల్లలు చెవి కోసుకుంటారన్న పేరు ఎవరిచ్చిందో అప్పుడు అర్థమైంది.

సోమయాజులు రెండో పాఠానికి ఆమె మళ్లీ వెళ్లింది. "నీళ్ల తొట్టి లోతు తక్కువగా ఎందుకు కనపడుతుంది?" అని అడిగి ఆయన ఆగారు. బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు. పెదాలు కదులుతున్నాయి, మాట మాత్రం రానివ్వడం లేదు. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. చివరికి ధరణి లేచింది.

"అడుగు నుంచి వచ్చే వెలుతురు నీళ్లు దాటంగనే వంగుతది గద సార్. మన కండ్లకు ఆ సంగతి తెల్వది, సీదా వచ్చిందనుకుంటయి. గందుకే అడుగు పైకొచ్చినట్టు కనవడ్తది."

"అంతేనమ్మా!" అన్నారాయన. ఇంకేదో వివరించబోయి, గుటక మింగి, "ఇంకెవరైనా చెబుతారా?" అన్నారు.

శైలజ రెండో పాఠం అంత బాగా సాగలేదు. గోడవైపు వరుసకు వెళ్లి అడిగితే భూపాల్ "నాకు రాదు మేడం" అని తల దించుకున్నాడు. పక్కన కూర్చుని చూస్తే భిన్నాల దగ్గరే ఆగిపోయి ఉన్నాడు. అక్కడే గంట కొట్టేశారు. ఆ వీడియోనే ఆమె నిపుణుల ముందు ఉన్నదున్నట్టు పెట్టేసింది.

ఫలితాల రోజున క్యాంపస్‌లో సోమయాజులుకు పట్టా ప్రకటించారు. శైలజను జ్యోతిర్మయి లోపలికి పిలిచింది. పిల్లలందరినీ కలుపుకుపోవడమన్న అంశంలో ఆమె చూపించింది చాలలేదట. శైలజకు అటక మీది పుస్తకాలు గుర్తొచ్చాయి. "అంటే మళ్లీ మొదటినుంచా మేడం?"

"కాదండీ, ఆ రోజులు పోయాయి. మిగతావన్నీ పాసయ్యారు, వాటిని ఇక ఎవరూ ముట్టుకోరు. ఆ ఒక్కటీ ఏడాదిలోపు ఎప్పుడైనా చూపించండి."

బయటికొచ్చేసరికి సోమయాజులు చెట్టు నీడన నిలబడి ఉన్నారు. పట్టా చేతిలో ఉన్నా, ఆమె సంగతి తెలిసే దాకా ఇంటికి ఫోన్ చెయ్యలేదట. విన్నాక "మంగళవారం మధ్యాహ్నం నాకు తరగతుల్లేవు. వస్తాను," అన్నారు.

"మీ పని అయిపోయింది గద సార్?"

"మీ గోడవైపు వరుస పని అవలేదుగా!"

మరునాటి నుంచి శైలజ బడి మొదలయ్యే ముందు ఆ అయిదుగురినీ కూర్చోబెట్టుకుంది. రొట్టె ముక్కలతో, కాగితం మడతలతో భిన్నాలు మళ్లీ చెప్పింది. కొన్నాళ్లు భూపాల్ నోరు విప్పలేదు. ఒక మంగళవారం, తరగతి అంతా ఉండగా, ఆమె ఒక లెక్కిచ్చి ఎవరినీ పిలవకుండా నిలబడింది. ఎప్పుడూ చెప్పే పిల్లలు చేతులు లేపారు. ఆమె ఇంకాసేపు ఆగింది. గోడ పక్క నుంచి భూపాల్ జవాబు చెప్పాడు.

తప్పే చెప్పాడు. కానీ గది దద్దరిల్లేలా చెప్పాడు.

"ఎట్లొచ్చింది బిడ్డా? ఇటొచ్చి మాకందరికి చూపియ్యి," అని శైలజ చాక్‌పీసు చాపింది. వాడు లేచి వచ్చి, బోర్డు మీద అడ్డగీత గీయడం మొదలుపెట్టాడు.