పాత ఫొటోలో మా ఆయన

అడవి ఎక్కడ నరికినా నరికేది మా ఆయనే. సముద్రాల అవతల నరికినా సరే, పేపర్లో ఆయన ఫొటోనే. చేతిలో గొడ్డలి, వంగిన నడుము, వెనకాల పొగ. పైన "అడవులకు గొడ్డలిపెట్టు" అని ఇంతింత అక్షరాలు.

నా మొగుడు అటవీశాఖలో వాచరండీ! ఆ రోజు అడవి అంటుకుంటే, మంట ఇటు దాటకుండా పొదలు కొట్టి ఖాళీ దారి తీస్తున్నాడు. ఎవడో ఫొటో తీసుకుని చక్కా పోయాడు.

"పోనిద్దూ, ఎవరు గుర్తుపడతారు" అనేవాడు ఆయన. పట్టారు. బళ్ళో మా అమ్మాయిని "చెట్ల దొంగ కూతురు" అన్నారట. మర్నాటి నుంచి అది నాన్నతో బడికి వెళ్ళనంది. ఆయన సైకిలు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

తిన్నగా పేపరాఫీసుకి వెళ్ళాను. ఫొటోలు చూసే పెద్దమనిషి కంప్యూటర్లో 'అడవుల నరికివేత' అని కొట్టగానే మొదట వచ్చింది మా ఆయనే.

"ఫైల్ ఫొటో అమ్మా. వార్త గంటలో పోవాలి, అంత దూరం ఎవర్ని పంపుతాం?"

"అయితే మంట ఆపుతున్నాడని రాసి వెయ్యండి."

"ఆగిపోయిన మంట వార్తెలా అవుతుందమ్మా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "మీ గుమ్మం దాకా వచ్చి ఆగితే తెలుస్తుంది లెండి! మా ఆయన్ని తీసేసేదాకా నేనీ కుర్చీ లోంచి లేవను."

నా నోటికి జడిశాడో, జాలిపడ్డాడో, నా ఎదుటే తీసేశాడు. మర్నాడు లోపలి పేజీలో అగ్గిపెట్టెంత సవరణ కూడా వేశారు. అమ్మాయి దాన్ని కత్తిరించి బడికి పట్టుకెళ్ళింది. వెళ్ళింది నాన్న సైకిలు మీదే. ఆ సంతోషంలో పక్కింటి వదినని పిలిచి మరీ టీ ఇచ్చాను.

ఇవాళ పొద్దున పేపర్లో మళ్ళీ అడవి నరికారు. అమ్మయ్య, మా ఆయన లేడు. ఎవరో ముసలాయన, చేతిలో కత్తి, మొహం స్పష్టంగా ఉంది. పీడ విరగడైందనుకుని పేపరు మడవబోతుంటే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"కాళ్ళ దగ్గర చూడవే. ఒక్క చెట్టూ కొట్టలేదు. ఎండుగడ్డి చెక్కి దారి తీస్తున్నాడు. మా పనే."

పేపరు మళ్ళీ విప్పి చూశాను. మా ఆయన్ని తీసేయమన్నానే గానీ, ఆ చోట ఇంకొకరిని పెడతారని నాకు తట్టనే లేదు. సిగ్గేసింది. ఈయనకీ బడికెళ్ళే మనవరాలు ఉందేమో!

చెప్పులేసుకున్నాను.

"మళ్ళీ ఎక్కడికే?"

"పేపరాఫీసుకి. మీరూ రండి."

"ఆయనెవరో మనకి తెలీదు కదా. ఏమవుతాడని చెప్తావు?"

"మా పెదనాన్న అని చెప్తాను. ముందు సైకిలు తియ్యండి."